రెండు బిల్డ్‌ల మధ్య దూరం: విడుదలయ్యాకే విఫలమయ్యే సాఫ్ట్‌వేర్‌పై ఒక సమీక్ష

ప్రోగ్రామర్ కంప్యూటర్ మీద ఏ లోపమూ చూపకుండా నడిచిన సాఫ్ట్‌వేర్, వినియోగదారులకు అందించేందుకు సిద్ధం చేసిన రూపంలోకి మారగానే కూలిపోవడం, లేదా కూలిపోకుండానే తప్పుడు ఫలితాలు ఇవ్వడం ఈ రంగంలో ఎంత పాత సమస్యో అంతగా అపార్థానికి గురైన సమస్య కూడా. మనిషి రాసిన సోర్స్ కోడ్‌ను యంత్రం నడపగల రూపానికి మార్చి, దానికి అవసరమైన లైబ్రరీలను, చిత్రాలను, సెట్టింగుల ఫైళ్లను జతచేసి ఒక మూటగా కట్టే ప్రక్రియను బిల్డ్ అంటారు. ఆ ప్రక్రియ ఫలితంగా వచ్చిన మూటకూ అదే పేరు. సాధారణంగా ఒకే సోర్స్ కోడ్ నుంచి రెండు బిల్డ్‌లు తయారవుతాయి. వేగాన్ని పట్టించుకోకుండా, తనిఖీలన్నీ ఉంచి, లోపాలు వెతకడానికి అనువుగా కట్టేది డీబగ్ బిల్డ్. తనిఖీలను తొలగించి, పరిమాణం తగ్గించి, వేగం పెంచి కట్టేది రిలీజ్ బిల్డ్. ఈ రెండోదాన్ని సర్వర్ల మీదికో వినియోగదారుల ఫోన్లలోకో చేర్చడం డిప్లాయ్‌మెంట్, అది అసలు పని చేసే చోటు ప్రొడక్షన్. మొదటి బిల్డ్‌లో కనబడక, రెండో బిల్డ్‌లోనో ప్రొడక్షన్‌లోనో మాత్రమే బయటపడే వైఫల్యాలు ఈ సమీక్షకు విషయం.

ఇటువంటి వైఫల్యం ఎదురైనప్పుడు కార్యాలయాల్లో మొదట వినబడే మాట "నా సిస్టమ్‌లో బాగానే నడుస్తోంది" అన్నది. బిల్డ్ ప్రక్రియే మంచి ప్రోగ్రామును చెడగొట్టిందన్న ఊహ ఆ మాట వెనుక ఉంటుంది. నలభై ఏళ్లుగా పోగుపడిన అనుభవమూ పరిశోధనా ఆ ఊహను చాలావరకు తోసిపుచ్చుతున్నాయి. ఎక్కువ సందర్భాలలో తప్పు సోర్స్ కోడ్‌లోనో, తన పరిసరాల గురించి ఆ కోడ్ పెట్టుకున్న నమ్మకాలలోనో మొదటి నుంచీ ఉంటుంది. డీబగ్ బిల్డ్ దాన్ని సహించి ఊరుకుంటుంది, రిలీజ్ బిల్డ్ ఊరుకోదు. అందువల్ల ఈ లోపాలను వెతికేవారు తేల్చుకోవలసిన మొదటి సంగతి, డీబగ్ బిల్డ్ ఇన్నాళ్లూ దేన్ని మరుగుపరిచింది అన్నదే.

టాండమ్ కంప్యూటర్స్ సంస్థలో పనిచేసిన జిమ్ గ్రే, కంప్యూటర్లు ఎందుకు ఆగిపోతాయన్న విషయం మీద 1985లో వెలువరించిన సాంకేతిక నివేదికలో లోపాలను రెండు జాతులుగా విడదీశారు. ఎన్నిసార్లు నడిపినా ఒకే చోట ఒకే తీరుగా కనబడే లోపం, నీల్స్ బోర్ పరమాణు నమూనాలా స్థిరమైనది గనుక, బోర్‌బగ్. పరిశీలించబోతే మాయమయ్యే లోపం, హైజెన్‌బర్గ్ అనిశ్చితి సూత్రాన్ని గుర్తుచేస్తుంది గనుక, హైజెన్‌బగ్. ముద్రణ పనులను వరుసలో పెట్టి నడిపే స్పూలర్ అనే ప్రోగ్రాము లాగ్‌లను ఆయన పరిశీలించినప్పుడు, కనబడిన 132 సాఫ్ట్‌వేర్ లోపాలలో ఒక్కటే మొదటి జాతిదని తేలింది. మరుసటి సంవత్సరమే జేసన్ గైట్, ఏకకాలంలో నడిచే ప్రోగ్రాములలో పరిశీలన కోసం చేర్చిన చిన్నపాటి ఆలస్యమే లోపాన్ని దాచివేయగలదని ప్రోబ్ ఎఫెక్ట్ అన్న పేరుతో వివరించారు. ఈ రెండు భావనలను కలిపి చూస్తే, డీబగ్ బిల్డ్ మొత్తం ఒక పెద్ద పరిశీలన సాధనమేనని, దానిలో నడిపి లోపం లేదని నిర్ధారించడం అంటే గదిలో దీపం వెలిగించి చీకటి లేదని నిర్ధారించడం వంటిదని అర్థమవుతుంది.

రెండు బిల్డ్‌ల మధ్య తేడాలలో అన్నిటికన్నా లోతైనది, ఎక్కువ చర్చకు తావిచ్చినది కంపైలర్ చేసే ఆప్టిమైజేషన్. సోర్స్ కోడ్‌ను యంత్ర భాషలోకి మార్చే కంపైలర్, ఫలితం మారకుండా పనిని తగ్గించే మార్గాలను వెతుకుతుంది. అయితే "ఫలితం మారకుండా" అన్న హామీ, భాషా ప్రమాణం నిర్వచించిన ప్రవర్తనకే వర్తిస్తుంది. సి, సి ప్లస్ ప్లస్ భాషల ప్రమాణాలు కొన్ని పనులను నిర్వచనం లేని ప్రవర్తనగా వదిలేశాయి. హద్దు దాటి మెమరీని చదవడం, గుర్తు ఉన్న పూర్ణాంకాల కూడికలో పరిమితి దాటడం, ఏ చోటునూ సూచించని నల్ పాయింటర్ ద్వారా విలువ తీయడం వంటివి ఆ కోవలోవి. ఇవి జరగవన్న నమ్మకంతో కోడ్‌ను సరళీకరించే హక్కు కంపైలర్‌కు ఉంది. ఒక సంఖ్యకు వంద కలిపితే వచ్చేది మొదటి సంఖ్య కన్నా చిన్నదైతే పరిమితి దాటినట్లేనని ప్రోగ్రామర్ పరీక్ష రాస్తే, పరిమితి దాటడమన్నది ప్రమాణం ప్రకారం జరగనే కూడదు కనుక ఆ పరీక్ష ఎప్పటికీ నెరవేరదని కంపైలర్ నిర్ణయించి దాన్ని తొలగిస్తుంది. ఆప్టిమైజేషన్ లేని డీబగ్ బిల్డ్‌లో ఆ పరీక్ష చక్కగా పనిచేస్తుంది, రిలీజ్ బిల్డ్‌లో అది ఉండనే ఉండదు.

ఈ సంగతి పుస్తకాలకు పరిమితమైనది కాదని 2009లో లినక్స్ కెర్నల్ 2.6.30లో బయటపడిన లోపం చాటింది. టన్ అనే వర్చువల్ నెట్‌వర్క్ డ్రైవర్‌లో ఒక ఫంక్షన్, పాయింటర్ ద్వారా ముందు ఒక విలువను తీసుకుని, ఆ తరువాతి వరుసలో ఆ పాయింటర్ నల్ అవునో కాదో పరీక్షించేది. పాయింటర్‌ను అప్పటికే వాడారంటే అది నల్ అయి ఉండదని జిసిసి కంపైలర్ తర్కించి, పరీక్ష అనవసరమని తీసివేసింది. కోడ్ చదివేవారి కంటికి పరీక్ష కనబడుతూనే ఉన్నా, యంత్రం నడిపే రూపంలో అది లేదు. ఆ ఖాళీ గుండా కంప్యూటర్ మీద పూర్తి అధికారం సంపాదించవచ్చని భద్రతా పరిశోధకుడు బ్రాడ్ స్పెంగ్లర్ ఆ ఏడాది జూలైలో చూపారు. సీవీఈ-2009-1897గా నమోదైన ఈ లోపం తరువాత, నల్ పరీక్షలను తొలగించవద్దని జిసిసికి చెప్పే ప్రత్యేక సూచనతో కెర్నల్‌ను కంపైల్ చేయడం మొదలైంది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన షీ వాంగ్, నికొలాయ్ జెల్డోవిచ్, ఫ్రాన్స్ కాషూక్, ఆర్మాండో సోలార్ లెజామా 2013లో ప్రకటించిన పరిశోధన ఇటువంటి కోడ్‌కు అస్థిర కోడ్ అని పేరుపెట్టి, దాన్ని గుర్తించే స్టాక్ అనే సాధనాన్ని రూపొందించింది. విస్తృతంగా వాడుకలో ఉన్న వ్యవస్థలలో ఆ సాధనం 160 కొత్త లోపాలను పట్టుకుంది.

ఇక్కడ రెండు వర్గాల వాదం ఇప్పటికీ తెగలేదు. ప్రమాణాన్ని ఉల్లంఘించిన కోడ్‌కు తాము బాధ్యులం కామని కంపైలర్ రచయితలు అంటే, మనిషి ఉద్దేశం స్పష్టంగా ఉన్న పరీక్షను తీసివేయడం తర్కానికి లొంగినా విజ్ఞతకు లొంగదని ఆపరేటింగ్ సిస్టమ్ రచయితలు అంటారు. కోట్ల యంత్రాల భద్రత భుజాన ఉన్న కెర్నల్ బృందం కంపైలర్ చేతులు కట్టివేయడం సమంజసమే. కానీ సాధారణ అనువర్తనాలు రాసే బృందాలు అదే దారి పట్టి, లోపం కనబడగానే ఆప్టిమైజేషన్ స్థాయిని తగ్గించి పని ముగిసిందనుకోవడం సమర్థనీయం కాదు. లోపం కోడ్‌లో అలాగే ఉండి, కంపైలర్ కొత్త వెర్షన్ వచ్చిన రోజున మళ్లీ తల ఎత్తుతుంది.

ప్రారంభ విలువ ఇవ్వని వేరియబుళ్ల విషయంలో ప్రోగ్రామర్లలో ఒక విచిత్రమైన నమ్మకం స్థిరపడింది. డీబగ్ బిల్డ్ మెమరీని సున్నాలతో నింపుతుంది గనుకే అక్కడ లోపం కనబడదని చాలామంది చెబుతారు. మైక్రోసాఫ్ట్ విజువల్ సి ప్లస్ ప్లస్ విషయంలో ఇది నిజం కాదు. ఆ కంపైలర్ డీబగ్ బిల్డ్‌లో ఫంక్షన్ల స్థానిక వేరియబుళ్ల చోటును హెక్సాడెసిమల్‌లో సిసి అనే విలువతోను, ప్రోగ్రాము అడిగి తీసుకునే హీప్ మెమరీని సిడి అనే విలువతోను, తిరిగి ఇచ్చేసిన మెమరీని డిడి అనే విలువతోను నింపుతుంది. అంటే, విలువ ఇవ్వడం మరచిన ఒక అవును-కాదు వేరియబుల్ డీబగ్ బిల్డ్‌లో ఎల్లప్పుడూ "అవును"గానే ఉండి, కోడ్ స్థిరంగా నడుస్తున్నట్లు కనబడుతుంది. రిలీజ్ బిల్డ్‌లో అక్కడ అంతకుముందు ఏ శేషం మిగిలి ఉంటే అదే దాని విలువ. అలాగే డీబగ్ హీప్ ప్రతి మెమరీ ఖండానికి రెండు వైపులా నాలుగేసి బైట్ల కాపలా స్థలాన్ని ఉంచుతుంది. ఒక బైటు హద్దు దాటి రాసిన కోడ్ అక్కడ ఆ ఖాళీ మీద రాస్తుంది, రిలీజ్ బిల్డ్‌లో పక్కనున్న అసలు సమాచారం మీద రాస్తుంది.

దశాంశ గణన కథ వేరు. ఇంటెల్ పాత ఎక్స్87 గణన విభాగం రిజిస్టర్లు 80 బిట్‌లవి కాగా, మెమరీలో దాచే సాధారణ డబుల్ విలువ 64 బిట్‌లది. ఆప్టిమైజేషన్ లేనప్పుడు ప్రతి మధ్యంతర ఫలితమూ మెమరీలోకి వెళ్లి కుదించుకుపోతుంది. ఆప్టిమైజేషన్ ఉన్నప్పుడు రిజిస్టర్‌లోనే ఉండి అదనపు ఖచ్చితత్వాన్ని నిలుపుకుంటుంది. ఫలితంగా ఒక బిల్డ్‌లో సమానమైన రెండు సంఖ్యలు మరో బిల్డ్‌లో సమానం కావు. 2000లో జిసిసి లోపాల పట్టికలో 323వ సంఖ్యతో నమోదైన ఈ ఫిర్యాదుకు మళ్లీ మళ్లీ నకలు ఫిర్యాదులు చేరుతూ వచ్చాయి. 64 బిట్ ప్రాసెసర్లలో ఎస్ఎస్ఈ2 సూచనలు వాడుకలోకి రావడంతో ఈ బాధ చాలావరకు తగ్గినా, గుణకారాన్ని కూడికను ఒకే దెబ్బలో చేసే ఫ్యూజ్డ్ సూచనలు గల ఆర్మ్ ప్రాసెసర్ల మీదికి సర్వర్లు మారుతున్న కొద్దీ అదే జాతి తేడాలు కొత్త రూపంలో కనబడుతున్నాయి.

ఏకకాలంలో నడిచే థ్రెడ్లు గల ప్రోగ్రాములలో లోపం కాలంతో ముడిపడి ఉంటుంది. ఒక థ్రెడ్ ఆగమని సూచించే వేరియబుల్‌ను మరో థ్రెడ్ ఒక లూపులో పదేపదే చదువుతూ ఉన్నప్పుడు, ఆ లూపు లోపల దాన్ని ఎవరూ మార్చడం లేదని గమనించిన కంపైలర్, ఒక్కసారి చదివి ఆ విలువనే నిలుపుకుంటుంది. డీబగ్ బిల్డ్‌లో వెంటనే ఆగిన ప్రోగ్రాము రిలీజ్ బిల్డ్‌లో ఎన్నటికీ ఆగదు. జావాకు 2004లో, సి ప్లస్ ప్లస్‌కు 2011లో స్పష్టమైన మెమరీ నమూనాలు ఏర్పడ్డాక ఇది కంపైలర్ తప్పా ప్రోగ్రామర్ తప్పా అన్న సందిగ్ధం తీరింది. వోలటైల్ అనో అటామిక్ అనో ఆ భాష కోరిన విధంగా ప్రకటించని వేరియబుల్‌ను థ్రెడ్లు ఇలా పంచుకోవడం ప్రోగ్రామర్ తప్పు.

అసెర్ట్ అనేది ఒక షరతు తప్పనిసరిగా నిజమై ఉండాలని ప్రకటించి, కాకపోతే ప్రోగ్రామును ఆపివేసే తనిఖీ. సి భాషలో ఎన్‌డీబగ్ అనే గుర్తును నిర్వచిస్తే అసెర్ట్‌లు మొత్తంగా మాయమవుతాయి, సీమేక్ అనే బిల్డ్ సాధనం రిలీజ్ అమరికలో ఆ గుర్తును తనంతట తానే చేరుస్తుంది. పైథాన్‌ను ఓ అన్న ఐచ్ఛికంతో నడిపినా ఇదే జరుగుతుంది. ఫైలు తెరవడం, వరుసలోంచి ఒక అంశాన్ని తీయడం వంటి అసలు పనినే అసెర్ట్ లోపల రాసిన వారికి రిలీజ్ బిల్డ్‌లో ఆ పనే జరగదు. కారణం తెలిశాక ఇంత సులభమైన లోపం మరొకటి లేదు.

కంపైలర్లలోనే లోపాలు ఉండవా అన్న ప్రశ్నకు జవాబు, ఉంటాయి. యూటా విశ్వవిద్యాలయానికి చెందిన యాంగ్, చెన్, ఐడ్, రేగర్ 2011లో ప్రకటించిన సీస్మిత్ అనే సాధనం, యాదృచ్ఛికంగా తయారుచేసిన సి ప్రోగ్రాములతో మూడేళ్లపాటు పరీక్షించి కంపైలర్లలో 325కు పైగా కొత్త లోపాలను బయటపెట్టింది. అయినా ఆ లోపాలను పట్టడానికి యంత్రం పుట్టించిన వింత ప్రోగ్రాములు కావలసి వచ్చాయన్న సంగతిని గమనిస్తే, రోజువారీ కోడ్‌లో తప్పును కంపైలర్ మీదికి నెట్టడానికి ముందు మిగిలిన దారులన్నీ వెతికి రావాలని తెలుస్తుంది.

వెబ్, మొబైల్ రంగాలలో ఆప్టిమైజర్ స్థానాన్ని కోడ్‌ను కుదించే సాధనాలు ఆక్రమించాయి. ఇవి వాడని భాగాలను కత్తిరించి, పొడవైన పేర్లను ఒకటి రెండు అక్షరాలకు తగ్గిస్తాయి. పేరు మీద ఆధారపడిన కోడ్ ఏదైనా అప్పుడు తెగిపోతుంది. ఆంగ్యులర్‌జెఎస్ తొలి రోజుల్లో ఈ సమస్య ప్రసిద్ధం. ఒక ఫంక్షన్‌కు ఏ సేవలు కావాలో దాని పారామీటర్ల పేర్లు చదివి తెలుసుకునే పద్ధతిని ఆ వ్యవస్థ పాటించేది, కుదించిన తరువాత ఆ పేర్లు ఎ, బి అయిపోయి, అటువంటి సేవ తెలియదన్న సందేశంతో పేజీ ఆగిపోయేది. ఆండ్రాయిడ్‌లో మొదట ప్రోగార్డ్, 2019 నుంచి అప్రమేయంగా ఆర్8 చేసే పనీ ఇదే. సర్వర్ నుంచి జేసన్ (JSON) రూపంలో వచ్చిన సమాచారంలోని పేర్లను క్లాసులోని ఫీల్డుల పేర్లతో సరిపోల్చి నింపే లైబ్రరీని వాడిన యాప్‌లో, ఫీల్డుల పేర్లు మారిపోయినప్పుడు క్రాష్ కూడా జరగదు. విలువలన్నీ ఖాళీగా వచ్చి, తెర మీద ఏమీ లేకుండా మిగులుతుంది. కూలిపోయే లోపం కన్నా ఈ మౌనం ప్రమాదకరం, ఎందుకంటే క్రాష్ నివేదికల్లో దాని జాడ ఉండదు. ఫలానా క్లాసులను ముట్టుకోవద్దని చెప్పే కీప్ నియమాలు దీనికి పరిష్కారం. మొత్తం కుదింపునే ఆపేయడం కూడా పరిష్కారంగా చలామణి అవుతోంది గానీ, అది జ్వరం చూపిందని థర్మామీటర్‌ను పారేయడమే.

మొబైల్ యాప్‌లలో కోడ్‌తో సంబంధం లేని తేడాలూ ఉన్నాయి. ఫ్లటర్ అనే యాప్ అభివృద్ధి వ్యవస్థ సృష్టించే మూస ప్రాజెక్టులో, అభివృద్ధి సాధనాలకు అవసరం గనుక ఇంటర్నెట్ అనుమతి, అనుమతులను ప్రకటించే ఫైలైన మానిఫెస్ట్ డీబగ్ రూపంలో ఉంటుంది. ప్రధాన మానిఫెస్ట్‌లో ప్రోగ్రామర్ స్వయంగా చేర్చకపోతే రిలీజ్ బిల్డ్‌కు నెట్‌వర్క్ అందదు. యాప్‌కు వేసే డిజిటల్ సంతకం తాళం డీబగ్‌కు ఒకటి, విడుదలకు మరొకటి, ప్లే స్టోర్ తానే సంతకం చేసే పద్ధతిలో మూడోది కావడం వల్ల, ఆ తాళం వేలిముద్రను నమోదు చేయని పక్షంలో గూగుల్ లాగిన్, మ్యాపులు డెవలపర్ ఫోన్‌లో పనిచేసి స్టోర్ నుంచి దింపుకున్న ఫోన్‌లో పనిచేయవు. పైథాన్ ప్రోగ్రాములను ఒకే ఫైలుగా కట్టే పైఇన్‌స్టాలర్ కూడా ఇటువంటి ఉచ్చులు గలదే. కోడ్‌ను నడపకుండా చదివి ఏ మాడ్యూళ్లు కావాలో ఊహించే ఆ సాధనానికి, నడిచే సమయంలో పేరును అక్షరాల వరుసగా ఇచ్చి తెచ్చుకునే మాడ్యూళ్లు కనబడవు. పైగా ఆ ఒక్క ఫైలు నడిచినప్పుడల్లా తాత్కాలిక ఫోల్డర్‌లోకి విప్పుకుంటుంది కనుక, పక్కనే ఉంటాయనుకున్న డేటా ఫైళ్లు అక్కడ దొరకవు.

బిల్డ్ ఒకటే అయినా అది నిలబడే నేల మారినప్పుడు వచ్చే వైఫల్యాలు మరో పెద్ద కుటుంబం. విండోస్, మ్యాక్ ఫైల్ వ్యవస్థలు మామూలుగా పెద్ద బడి, చిన్న బడి అక్షరాల తేడాను పట్టించుకోవు, లినక్స్ పట్టించుకుంటుంది. ఆల్పైన్ లినక్స్ కంటెయినర్లలో మామూలు సి లైబ్రరీ అయిన గ్లిబ్‌సికి బదులు ఉండే మజల్ లైబ్రరీ ఒక థ్రెడ్‌కు ఇచ్చే స్టాక్ చోటు 128 కిలోబైట్లు మాత్రమే, మామూలు లినక్స్‌లో అది సాధారణంగా 8 మెగాబైట్లు. లోతుగా తనను తాను పిలుచుకునే ఫంక్షన్ ఒకచోట నడిచి ఇంకొకచోట కూలడానికి ఈ ఒక్క తేడా చాలు. సర్వర్ గడియారం అంతర్జాతీయ కాలమానంలో ఉంటే, భారతదేశంలో అర్ధరాత్రి నుంచి ఉదయం 5.30 వరకు దానికి ఇంకా నిన్నటి తేదీయే. పగటి వేళ కార్యాలయంలో జరిపే పరీక్షలు ఈ లోపాన్ని ఎన్నటికీ చూడలేవు.

తెలుగు వంటి భాషలలో పనిచేసే సాఫ్ట్‌వేర్ ఈ కుటుంబపు దెబ్బలను మరింత ఎక్కువగా తింటుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలగా, తెలుగు యూనికోడ్ సంకేతం ప్రతిదానికీ మూడు బైట్లు కావాలి. "లక్ష్మి" అన్న పేరులో అక్షరాలు కంటికి రెండే అయినా, పొల్లులూ గుడీ కలుపుకొని సంకేతాలు ఏడు, బైట్లు 21. ఒరాకిల్ డేటాబేస్‌లో 20 పరిమాణంతో వార్‌చార్2 నిలువు వరుసను ప్రకటిస్తే, వేరుగా చెప్పకపోతే ఆ 20 బైట్ల లెక్క. ఇంగ్లీషు పేర్లతో పరీక్షించి విడుదల చేసిన వ్యవస్థ మొదటి లక్ష్మి దగ్గరే ఆగిపోతుంది. ఏ సంకేత పద్ధతిలో ఫైలు చదవాలో చెప్పకుండా వదిలేసిన జావా ప్రోగ్రాము, లినక్స్ మీద సరిగా చదివిన తెలుగును విండోస్ మీద చెత్తగా చదివేది. 2022లో వచ్చిన జెడికె 18 నుంచే యూటీఎఫ్-8 అన్నిచోట్లా అప్రమేయ పద్ధతి అయింది. పైథాన్ 2018 నాటి 3.7లో, భాషా అమరికలు లేని సర్వర్ల మీద కూడా యూటీఎఫ్-8నే వాడే ఏర్పాటు చేసుకుంది. పరిమాణం తగ్గించిన కంటెయినర్లలో ఫాంట్లే ఉండవు గనుక, డెవలపర్ కంప్యూటర్‌లో అందంగా వచ్చిన తెలుగు రసీదు పీడీఎఫ్ సర్వర్ మీద ఖాళీ డబ్బాల వరుసగా తయారవుతుంది. ఫాంటు పెట్టినా, అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ వంటి లైబ్రరీ అందకపోతే వత్తులు విడిపోయి పక్కపక్కన నిలబడతాయి. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" రూపంలో కనబడే ఒక సంకేతాల వరుస ఐఫోన్ యాప్‌లను కూల్చిన ఉదంతం రెండు బిల్డ్‌ల తేడా వల్ల జరిగింది కాదు, ఆ నెల 19న వచ్చిన ఐఓఎస్ 11.2.6తో అది తీరింది కూడా. అయినా ప్రొడక్షన్‌లో ఉండే అక్షరాలు పరీక్షల్లో ఉండవన్న నిజానికి అదొక దాఖలా.

డిప్లాయ్‌మెంట్ చర్యలోనే తప్పు జరిగినప్పుడు ఏమవుతుందో తెలిపే ఉదంతాలలో, 2012 ఆగస్టు 1న అమెరికా స్టాక్ మార్కెట్‌లో నైట్ క్యాపిటల్ సంస్థకు ఎదురైనదానికి మించి పాఠం చెప్పేది లేదు. షేర్ల ఆర్డర్లను పంపే కొత్త కోడ్‌ను ఎనిమిది సర్వర్లలో ఏడింటి మీదే వేశారు. ఎనిమిదో దానిలో ఏళ్ల కిందట వాడకం మానేసిన పవర్ పెగ్ అనే పాత కోడ్ మిగిలి ఉంది. కొత్త పనికి వాడుకున్న గుర్తు గతంలో ఆ పాత కోడ్‌ను మేల్కొలిపే గుర్తే. 45 నిమిషాలలో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది. లోపాన్ని వెతికే పద్ధతి దృష్ట్యా ఇందులో రెండు సంగతులు ముఖ్యం. మార్కెట్ తెరవకముందే ఆ వ్యవస్థ పవర్ పెగ్ పేరు ప్రస్తావిస్తూ సిబ్బందికి 97 ఈమెయిళ్లు పంపింది, వాటిని హెచ్చరికలుగా ఎవరూ చూడలేదు. ఆ గందరగోళంలో, కొత్త కోడే తప్పని భావించి దాన్ని సరిగా ఉన్న ఏడు సర్వర్ల నుంచి తొలగించారు, దాంతో పాత కోడ్ అక్కడా మేల్కొని నష్టం పెరిగింది. కొత్తగా వచ్చిందే దోషి అన్న అనుమానం సహజమైనదే గానీ, ఏ సర్వర్ మీద ఏ వెర్షన్ ఉందో పోల్చి చూడకుండా ఆ అనుమానం మీద చర్య తీసుకోకూడదు.

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు పంపిన ఒక సమాచార నవీకరణ, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, 85 లక్షల విండోస్ యంత్రాలను నిలిపివేసింది. క్రౌడ్‌స్ట్రైక్ తరువాత ప్రకటించిన మూలకారణ విశ్లేషణ ప్రకారం, నిర్వచనంలో 21 అంశాలు ఉండగా ప్రోగ్రాము అందించేవి 20 మాత్రమే. పరీక్షల్లో 21వ స్థానంలో దేనికైనా సరిపోయే వైల్డ్‌కార్డ్ గుర్తును పెట్టడం వల్ల ఆ స్థానాన్ని నిజంగా చదవవలసిన అవసరమే రాలేదు. పరీక్ష ఉంది, పరీక్షలో నెగ్గింది, పరీక్షించవలసినదాన్ని మాత్రం ముట్టుకోలేదు.

ఈ వైఫల్యాలను ఛేదించే పద్ధతులలో మొదటిది, దాదాపు అన్నిటికీ ఆధారమైనది, తేడాల జాబితా రాసుకుని దాన్ని సగానికి సగంగా కోసుకుంటూ పోవడం. ఆండ్రియాస్ జెల్లర్ 1999లో ప్రతిపాదించిన డెల్టా డీబగింగ్ ఈ ఆలోచనకు శాస్త్రీయ రూపం. జీడీబీ డీబగ్గర్ రెండు వెర్షన్ల మధ్య మారిన 1,78,000 వరుసలలోంచి వైఫల్యానికి కారణమైన ఒకే ఒక మార్పును అది యంత్రం చేతనే కనిపెట్టించింది. పాత వెర్షన్లకు, కొత్త వెర్షన్లకు మధ్య గిట్ బైసెక్ట్ చేసే పనిని రెండు బిల్డ్‌ల మధ్య కూడా చేయవచ్చు. డీబగ్ బిల్డ్‌లో ఆప్టిమైజేషన్‌ను మాత్రం పెట్టి చూడడం, రిలీజ్ బిల్డ్‌లో అసెర్ట్‌లను తిరిగి చేర్చి చూడడం, సగం ఫైళ్లను ఒక తీరున సగం ఫైళ్లను మరో తీరున కంపైల్ చేసి కలపడం, కుదింపును ఆపి సంతకాన్ని ఉంచడం వంటి ప్రయోగాలతో, ఇరవై తేడాలున్నా నాలుగైదు మెట్లలో ఒకదాని దగ్గరికి చేరుకోవచ్చు. ఎల్ఎల్‌విఎమ్ కంపైలర్‌లో ఏ ఆప్టిమైజేషన్ మెట్టు దగ్గర ప్రవర్తన మారిందో ఇలాగే కోసుకుంటూ చూపే ఐచ్ఛికమే ఉంది. ఒక్కో ప్రయోగంలో ఒక్కటే మార్చాలన్న నియమం తొందరలో మొదట భంగమయ్యేది. అది భంగమైతే మిగిలినది ఊహాగానం.

రిలీజ్ బిల్డ్ కూలినప్పుడు మిగిలే సాక్ష్యం చిరునామాల వరుసే. దాన్ని సోర్స్ కోడ్ వరుసలుగా మార్చేవి విండోస్‌లో పీడీబీ సింబల్ ఫైళ్లు, ఆండ్రాయిడ్‌లో మ్యాపింగ్ ఫైలు, జావాస్క్రిప్ట్‌లో సోర్స్ మ్యాప్‌లు. వీటిని వినియోగదారులకు ఇవ్వనక్కరలేదు గానీ, ప్రతి విడుదలకూ భద్రపరచకపోతే తరువాత వాటిని సంపాదించడం కష్టం, ఎందుకంటే అదే కోడ్‌ను మళ్లీ కంపైల్ చేసినా అచ్చంగా అదే బిల్డ్ వస్తుందన్న హామీ మామూలుగా లేదు. ఆ హామీ కోసమే డెబియన్ బృందం 2013 నుంచి పునరుత్పాదక బిల్డ్‌ల ప్రయత్నం సాగిస్తోంది. మెమరీ తప్పులకు జూలియన్ సీవర్డ్ వాల్‌గ్రైండ్, గూగుల్ పరిశోధకులు 2012లో ప్రకటించిన అడ్రస్‌శానిటైజర్ గొప్ప సాధనాలు. రెండోది ప్రోగ్రామును సగటున 73 శాతమే నెమ్మదింపజేస్తుంది కనుక ఆప్టిమైజేషన్‌తో కట్టిన బిల్డ్‌కే జోడించి నడపవచ్చు. మొజిల్లాలో పుట్టిన ఆర్ఆర్, ఒకసారి నడిచిన తీరును రికార్డు చేసి ఎన్నిసార్లయినా అదే తీరున తిరిగి నడిపించి, హైజెన్‌బగ్‌ను బోర్‌బగ్‌గా మార్చేస్తుంది. సన్ మైక్రోసిస్టమ్స్‌లో బ్రయన్ కాంట్రిల్, మైక్ షాపిరో, ఆడమ్ లెవెంథాల్ రూపొందించిన డీట్రేస్, నడుస్తున్న ప్రొడక్షన్ వ్యవస్థనే ఆపకుండా ప్రశ్నించే వీలు కల్పించింది.

నివారణ విషయంలో రెండు ధోరణులున్నాయి. హెరోకు సంస్థ నుంచి 2011లో వచ్చిన ట్వెల్వ్ ఫ్యాక్టర్ సూత్రాలు, ఆ తరువాత 2013లో వచ్చిన డాకర్ కంటెయినర్లు, అభివృద్ధి పరిసరాలను ప్రొడక్షన్‌కు దగ్గరగా తేవాలంటాయి. మంచి సలహాయే గానీ పూర్తిగా అమలు చేయగలది కాదు. ప్రొడక్షన్‌లోని రద్దీ, డేటా, గడియారం, అనుమతులు ఏ కంటెయినర్‌లోనూ రావు. ఒక్కసారే బిల్డ్ చేసి, ఆ మూటనే పరీక్షించి, ఆ మూటనే బైటు మారకుండా ప్రొడక్షన్‌కు పంపాలన్నది రెండో ధోరణి. ఖర్చు తక్కువ, ఫలం ఎక్కువ గనుక ఈ సమీక్ష దృష్టిలో రెండోదే మేలు. డీబగ్ బిల్డ్ మీద జరిపిన వంద పరీక్షలు, విడుదల కాబోయే మూట మీద జరిపిన పది పరీక్షలకు సాటిరావు.

ఈ రెండో ధోరణిని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ ఇంజనీర్లు డాకర్ పుట్టకముందే పాటించారు. 1997 జులై 4న అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ వ్యోమనౌక కొద్ది రోజుల్లోనే తనంతట తాను రీసెట్ కావడం మొదలుపెట్టింది. తక్కువ ప్రాధాన్యం గల వాతావరణ పరిశీలన పని ఒక మ్యూటెక్స్‌ను, అంటే ఒకసారి ఒక్కరికే దక్కే తాళాన్ని పట్టుకుని ఉండగా, మధ్య ప్రాధాన్యం గల పనులు దాన్ని పక్కకు నెట్టేవి. ఆ తాళం కోసం అధిక ప్రాధాన్యం గల పని వేచి ఉండి, గడువు దాటిపోయి, వ్యవస్థ రీసెట్ అయ్యేది. ప్రయోగానికి ముందే ఇది పరీక్షల్లో అరుదుగా కనబడినా, వెతకబోతే మళ్లీ కనబడలేదు. వీఎక్స్‌వర్క్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే ఆ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి సంఘటననూ నమోదు చేసే డీబగ్ సాధనాలను, పరీక్షించినదాన్నే ఎగరవేయాలన్న నియమం ప్రకారం, ఇంజనీర్లు తీసివేయకుండా ఉంచారు. భూమి మీది నమూనా యంత్రంలో ఆ నమోదును నడిపి కారణం పట్టుకున్నాక, మ్యూటెక్స్ ప్రారంభ అమరికలో ప్రాధాన్యాన్ని వారసత్వంగా ఇచ్చే గుర్తును "కాదు" నుంచి "అవును"కు మార్చే చిన్న సవరణను అంగారకుడికి పంపారు. రీసెట్‌లు ఆగిపోయాయి, ఆ యంత్రం 1997 సెప్టెంబర్ 27 వరకు సమాచారం పంపుతూనే ఉంది.